లేని కొడుక్కి ఉత్తరం

ఉదయం తొమ్మిదిన్నరకి సత్యవేణి షట్టరు ఎత్తుతుంది. గుమ్మంలో నీళ్ళు చల్లి, జిరాక్సు మిషను మీద దుప్పటి తీసి, కంప్యూటరు ఆన్ చేసి, అది మేలుకునేలోపు పక్క హోటల్నుంచి టీ తెచ్చుకుంటుంది. పెదలంకపాలెంలో మండలాఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉంది ఆ షాపు. ఆఫీసులో పనున్నవాళ్ళెవరైనా ముందు ఆవిడ బల్ల ముందు కూర్చోవలసిందే. నోటితో చెప్పుకున్న కష్టం ఆ ఆఫీసులో కష్టం కింద లెక్కకాదు. కాగితం మీదికి ఎక్కాలి, పైన "గౌరవనీయులైన" అని ఉండాలి, కింద సంతకమో వేలిముద్రో ఉండాలి.

ఇరవై రెండేళ్ళ క్రితం ఏలూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి తెలుగు లోయరూ హయ్యరూ పాసయింది సత్యవేణి. ఇనప మిషను మీద నేర్చుకున్న వేళ్ళవి. ఆ మిషను మీద మొహమాటంగా కొడితే అక్షరం పడదు. అందుకని కంప్యూటరు కీబోర్డుని కూడా గోంగూర పచ్చడి నూరినంత బలంగా వాయిస్తుంది. మూడు నాలుగు నెలలకో కీబోర్డు చచ్చిపోతుంది. మీటల మీద అక్షరాలు చెరిగిపోయినా ఆవిడకి బాధలేదు, మీటలకేసి చూసే అలవాటు ఎటూ లేదు. స్క్రీనుకేసి చూసే అలవాటూ లేదు. కళ్ళెప్పుడూ పక్కనున్న కాగితం మీదే ఉండాలని టైపు మాస్టారు స్కేలుతో నేర్పిన పాఠం. పాఠం మంచిదే. ఇనప మిషనుకి చెప్పింది ప్లాస్టిక్ కీబోర్డుకి పనికొస్తుందో లేదో పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రతి అర్జీనీ మొదటి అక్షరం నుంచి కొట్టే తీరిక ఏ టైపిస్టుకీ ఉండదు. నిన్నటి అర్జీ తెరుస్తారు, పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు, ఇంటి నంబరు మారుస్తారు, అక్కరలేని లైను చెరిపేసి ప్రింటు తీస్తారు. మండలం మొత్తం కష్టాలు ఒకే ఫైల్లో ఒకదాని బట్టలు ఒకటి తొడుక్కుని తిరుగుతుంటాయి.

రెండేళ్ళ క్రితం రుక్మిణి వచ్చినప్పుడు జరిగింది కూడా అదే. కొల్లేటి ఒడ్డున కొంగలగూడెం ఆవిడది. అప్పటికి అరవై ఆరేళ్ళు. చేపలవేటకి వెళ్ళే భర్త జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. రేషను కార్డులో పేరు మార్చమని అర్జీ కావాలంది. ఆ పూట షాపులో తొమ్మిదిమంది ఉన్నారు. అంతకుముందు కొట్టిన అర్జీ కలిదిండి నుంచి వచ్చిన ఒకావిడది. అందులో చివర "నా కుమారుడు చి॥ అనుదీప్ విద్యుత్ శాఖలో ఉద్యోగము చేయుచున్నాడు" అని ఒక లైనుంది. సత్యవేణి ఆ లైను పట్టుకుని డిలీట్ నొక్కింది. అప్పటి కీబోర్డులో డిలీట్ కింద రబ్బరు చచ్చిపోయి ఉంది. నొక్కు పడలేదు. పడలేదని చెప్పడానికి చప్పుడూ లేదు. సత్యవేణి కళ్ళు అప్పటికే తరవాతివాళ్ళ కాగితం మీద ఉన్నాయి. రుక్మిణి వేలిముద్ర వేసి, కాగితాన్ని కళ్ళకద్దుకుని, రోడ్డు దాటి ఆఫీసులో ఇచ్చేసింది.

ఆ లైను మెల్లగా ప్రయాణం చేసింది. ఆ ఏడాది చివరికి ఆఫీసు కంప్యూటర్లోకి చేరింది. ప్రభుత్వోద్యోగి తల్లికి వితంతు పింఛను రాదు కాబట్టి, ఒకానొక ఒకటో తారీఖున, నెలనెలా పింఛను తెచ్చిచ్చే సచివాలయం అబ్బాయి రుక్మిణి గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిపోయాడు. పిలిచి అడిగితే, మీ అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగమట కదా మామ్మా అన్నాడు.

కొంగలగూడెంలో నవ్వుకోవడానికి ఒక ముచ్చట దొరికింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత విన్నాం గానీ, కొడుక్కి ఉద్యోగం కూడా వేయించినామె రుక్మిణే అన్నారు. కరెంటు పోతే మీ వాడికి ఫోను చెయ్యమనేవారు. మొదట్లో రుక్మిణి కూడా నవ్వింది. బియ్యం డబ్బా అడుగు కనిపించాక, బీపీ బిళ్ళలు రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాక నవ్వడం మానేసింది. రొయ్యలు వలిచే షెడ్డుకి పనికి వెళ్ళింది. ఐసు నీళ్ళలో పొద్దస్తమానం చేతులు పెట్టేసరికి వేళ్ళ సందులు పగిలిపోయాయి.

ఆ చేతులతోనే సత్యవేణి షాపుకొచ్చి, నాకు కొడుకున్నాడని ఎవరు రాశారో కనుక్కోమంది. సత్యవేణి పాత ఫైలు తెరిచింది. ఈసారి స్క్రీనుకేసే చూసింది. కింది నుంచి రెండో లైన్లో అనుదీప్ కూర్చుని ఉన్నాడు.

ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, సత్యవేణికీ కంప్యూటరుకీ. కంప్యూటరు ఎవరికీ చెప్పదు. ఆఫీసువాళ్ళ పొరపాటు మామ్మగారూ అని ఒక్కమాట అనేస్తే అక్కడితో సరిపోయేది, ఆఫీసు మీద అలాంటి మాటలు చాలా ఉన్నాయి, ఇంకొకటి బరువేం కాదు. కానీ సత్యవేణి కళ్ళు ఆవిడ వేళ్ళమీదికి పోయాయి.

"నేనే రాశాను మామ్మగారూ," అంది. "చెరిపాననుకున్నాను. చెరగలేదు."

కావాలని చెయ్యలేదుగా టైపమ్మా, ఇప్పుడు చెరిపేసెయ్ అంది రుక్మిణి. అదేదో పలక మీద గీత అయినట్టు.

తీసేవరకూ ఊరుకునేది లేదని సత్యవేణి అనుకుంది. పైకి మాత్రం అనలేదు.

మూడు సోమవారాలు మూడు అర్జీలు తనే కొట్టి, తనే రోడ్డు దాటి ఇచ్చింది. పొరపాటు తనదేనని అందులో రాసి సంతకం కూడా పెట్టింది. ఎంపీడీఓ ప్రసాదరావు చెడ్డవాడేం కాదు. వచ్చినవాళ్ళని కూర్చోమంటాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు. కానీ కాగితానికి కాగితమే విరుగుడని నమ్మిన మనిషి.

"ఉన్నవాడికి సర్టిఫికెట్ ఇస్తారండీ," అన్నాడు. "లేనివాడు లేడని ఎవరిస్తారు? రేపు ఎక్కడినుంచో దిగాడనుకోండి, సంతకం పెట్టిన నేనేమైపోవాలి?"

కరెంటాఫీసులో కనుక్కోమంటే, అనుదీపులు నలుగురున్నారమ్మా, నలుగురికీ తల్లులున్నారు అని జవాబొచ్చింది. నాలుగో అర్జీ కొడుతుండగా సత్యవేణి కీబోర్డులో మళ్ళీ డిలీట్ పోయింది. ఆవిడ దాన్ని ఊడబీకి చెత్తబుట్టలో పడేసి, షట్టరు దించి, ఏలూరు బస్సెక్కింది.

శేషగిరిరావుగారి కొట్టులో వాళ్ళ నాన్నగారి కాలంలో టైపు మిషన్లూ రిబ్బన్లూ అమ్మేవారు. ఇప్పుడు కంప్యూటరు సామాన్లు అమ్ముతున్నారు. సత్యవేణి మూడు నాలుగు నెలలకోసారి వస్తుంది కాబట్టి, ఆయన చూడగానే చవక కీబోర్డు పెట్టె తీశాడు. అది వద్దంది. నొక్కితే నొక్కినట్టు చెవికి తెలియాలి, అలాంటిది ఏదైనా ఉంటే చూపించమంది.

ఆయన పై అరలోంచి ఒక బరువైన పెట్టె దింపాడు. మెకానికల్ కీబోర్డులంటారండి, ఆటలాడే కుర్రాళ్ళు కొంటుంటారు, ప్రతి మీట కిందా విడిగా స్ప్రింగు ఉంటుంది అని చెప్పాడు. పెట్టె తెరిస్తే రంగుల జాతర. పసుప్పచ్చ మీటలు, చిలకాకుపచ్చ మీటలు, గులాబీవి, నీలంవి, అడుగున నారింజరంగు స్పేసుబారు, సందుల్లోంచి వెలుగు.

"రెండు రకాలున్నాయండీ," అన్నాడు శేషగిరిరావు. "ఎర్ర స్విచ్చులది చప్పుడు చెయ్యదు. ఆఫీసులవాళ్ళందరూ అదే పట్టుకెళ్తారు. ఇది నీలం స్విచ్చులది. టకటకలాడుతుంది. మీకు తలనొప్పండీ."

సత్యవేణి ఆ రంగుల దాని మీద డిలీట్ ఒక్కటే పదిసార్లు నొక్కింది. పదిసార్లూ మోగింది. ఇదే ఇవ్వండంది. మూడువేల రెండొందలు అనగానే గుండె ఒకసారి ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. కైకలూరు బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్ల తలకి ఎండ తగలకుండా చూసినట్టు చూసుకుంటూ తీసుకొచ్చింది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ భర్త క్రీస్తుదాసు చూసి, జంతికల కొట్టులో పిప్పరమెంటు బిళ్ళల సీసాలా ఉందన్నాడు.

మర్నాడు పొద్దున్న మొదటి అర్జీ లైన్‌మన్‌కి. చేపల చెరువు గట్టుమీద తీగ కిందికి వేలాడుతోందని. సత్యవేణి పైన లైన్‌మన్ పేరు కొట్టిందో లేదో, మూడు కిలోమీటర్ల అవతల స్తంభం కింద కూర్చుని ఉన్న అతని పనిముట్ల సంచీలో టకటకమంటూ మొదలైంది. సత్యవేణి ఎంతసేపు కొట్టిందో అంతసేపూ మోగింది. కాగితం ప్రింటయ్యేసరికి లైన్‌మన్ షాపు ముందు మోటారుసైకిలు ఆపి, వినబడిందండీ, ఏ చెరువు దగ్గర అని అడిగాడు.

అప్పటినుంచి అంతే. పైన ఎవరి పేరు ఉంటే, షాపులో మోగినట్టే వాళ్ళ దగ్గరా మోగేది. డాక్టరు పేరు కొడితే మందుల అలమరలో, పంచాయతీ సెక్రటరీ పేరు కొడితే ఆయన టిఫిను డబ్బాలో. బ్యాంకు మేనేజరు మనిషిని పంపించి, తన పేరుమీద కొట్టేవి భోజనాలవేళ కాకుండా చూడమని కోరాడు. సత్యవేణి ఆ మాట చీటీమీద రాసి గోడకి అంటించింది. జనం కూడా ధర అడిగినట్టు మామూలుగా, అక్కడ మోగుతుంది కదండీ అని అడిగి కూర్చునేవారు.

రుక్మిణి నాలుగో అర్జీని కొత్త కీబోర్డుమీద కొట్టింది సత్యవేణి. ప్రసాదరావు బల్ల సొరుగులో మోగింది. ఆయన వెంటనే రాలేదు. మర్నాడు మళ్ళీ కొట్టింది. ఆ మర్నాడు మళ్ళీ. వారం తిరిగేసరికి ఆయనే చెప్పులేసుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"వినబడుతోందమ్మా, చెవిలో జోరీగలా వినబడుతోంది," అన్నాడు. "నాకూ చెయ్యాలనే ఉంది. కానీ వినడం వేరు, రాయడం వేరు. ఒక్క ఆధారం చూపించండి, ఆ క్షణం రాసేస్తాను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి ఇస్తానంటున్నాడు, పళ్ళెంలో పెట్టడానికి పువ్వు అడుగుతున్నాడు. ఆ పువ్వు ఎక్కడ దొరుకుతుందో సత్యవేణికి తెలియలేదు. ఆ వారమంతా ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

పువ్వు తెచ్చినవాడు నిరంజన్. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఫోన్లో ప్రకటన చూసి ఏదో కంపెనీకి మందుల కోసం డబ్బు పంపాడు, సరుకు రాలేదు, గట్టిగా ఒక ఉత్తరం కొట్టమన్నాడు. సత్యవేణి కంపెనీ పేరు కొట్టింది. మీటలు దిగుతున్నాయి, అక్షరాలు పడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. దూదిమీద వేళ్ళు ఆడించినట్టుంది. కొన్నది నెలయినా కాలేదు, అప్పుడే పాడైందా అని సత్యవేణికి ప్రాణం ఉసూరుమంది. ఆ పేరు తీసేసి క్రీస్తుదాసు పేరు కొట్టింది. టకటకమని మోగింది. ఐసు ఫ్యాక్టరీనుంచి ఫోనొచ్చింది, ఏంటే, నా చొక్కాజేబులో మోగుతోంది అని. మళ్ళీ కంపెనీ పేరు కొట్టింది. నిశ్శబ్దం.

"అయితే అలాంటి కంపెనీయే లేదన్నమాటండీ," అని నిరంజన్ నిట్టూర్చి, పోలీస్‌స్టేషన్ పేరుమీద కొట్టించుకుని వెళ్ళిపోయాడు.

సత్యవేణి టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. టీ చల్లారిపోయింది. తరవాత కొంగలగూడెం ఆటోవాడికి ఫోను చేసి, సోమవారం మామ్మగారిని తప్పకుండా తీసుకురమ్మంది.

సోమవారం అర్జీల రోజు. ఆఫీసు వసారా నిండిపోయింది. సత్యవేణి కీబోర్డును టవల్లో చుట్టి చంకన పెట్టుకుని, రుక్మిణి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆధారం తెచ్చానంది. ప్రసాదరావు తన కంప్యూటరు కీబోర్డు తీసి పక్కన పెట్టించి, రంగులదాన్ని తగిలించుకోనిచ్చాడు. గుమస్తాలు లేచి చుట్టూ నిలబడ్డారు.

"కొడుక్కి ఉత్తరం రాస్తానండి," అంది సత్యవేణి. "ఉంటే మోగుతుంది. లేకపోతే మోగదు."

అందరూ తలూపారు. సత్యవేణి వేళ్ళు సర్దుకుని, పాత అర్జీలో ఉన్నది ఉన్నట్టు కొట్టింది. చి॥ అనుదీప్, విద్యుత్ శాఖ.

టకటకా మోగింది. గది గోడలకి తగిలేటంత గట్టిగా మోగింది.

సత్యవేణి చేతులు మీటల మీదే ఆగిపోయాయి. గుమస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రసాదరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, మోగింది కదమ్మా అన్నాడు. ఆయన గొంతులో కూడా సంతోషం లేదు. రుక్మిణి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. పగిలిన వేళ్ళతో బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది.

"ఉన్నాడా?" అంది. "ఎక్కడున్నాడంట?"

సత్యవేణికి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళు తిట్టుకుంటూనే, నవ్వులపాలవుతూనే, ఈ ముసలామె ఆ లైనుని కొంచెం నమ్మింది. చెరపవలసింది ఆఫీసు కంప్యూటర్లో ఒక్కచోటే కాదు. ఏడుపొచ్చింది గానీ మింగేసింది. ఇక్కడ ఆగితే ఆ చేతులు మళ్ళీ ఐసు నీళ్ళలోకే.

"మోగింది కలిదిండి ఆవిడగారి అబ్బాయికి, మామ్మగారూ," అంది. "ఆయన నిజంగానే ఉన్నాడు. ఆయనకి వాళ్ళమ్మగారున్నారు. ఆయన పేరు కొట్టడం నా తప్పే."

ప్రసాదరావు వైపు తిరిగి, ఇంకొక్కసారి అవకాశమివ్వండి అంది. డిలీట్ నొక్కింది. టక్. ఒక్కొక్క అక్షరమే వెనక్కి తీసుకుంటూ వెళ్ళింది. టక్, టక్, టక్. ఈసారి కళ్ళు స్క్రీనుమీదే పెట్టి, అనుదీప్ పూర్తిగా పోయేదాకా చూసింది.

తరవాత కొట్టింది. కొంగలగూడెం వాస్తవ్యురాలు శ్రీమతి రుక్మిణి గారి కుమారునికి.

చప్పుడు లేదు. నీలం మీట, గులాబీ మీట, పసుపు మీట దిగుతున్నాయి, లేస్తున్నాయి. వసారాలో ఎవరో దగ్గడం వినబడింది. పైన ఫ్యాను తిరగడం వినబడింది. సత్యవేణి ఆపకుండా నాలుగు లైన్లు కొట్టింది. మీ అమ్మగారికి ఆరోగ్యం బాగుండటం లేదని, బీపీ బిళ్ళలు అయిపోయాయని, మీరెక్కడున్నా వచ్చి చూడవలసిందని. పూర్వం ఇనప మిషనుమీద కొట్టినంత బలంగా కొట్టింది. ఒక్క మీటా పలకలేదు.

ప్రసాదరావు లేచి వచ్చి తనే వేలితో నొక్కి చూశాడు. లేదు. ఒకమాటు మా రోహిత్ పేరు కొట్టండన్నాడు. రోహిత్ ఆయన కొడుకు, వట్లూరులో ఇంజినీరింగు చదువుతున్నాడు. కొట్టగానే మోగింది, నిమిషంలో ఫోనొచ్చింది, నాన్నా, క్లాసులో ఉన్నాను, బ్యాగులో మోగుతోంది, మీరేనా అని. ఏం లేదురా, చదువుకో అని పెట్టేశాడు. మళ్ళీ రుక్మిణి గారి కుమారునికి అని కొట్టించాడు. మళ్ళీ ఫ్యాను చప్పుడే మిగిలింది.

ఆయన కుర్చీలో కూర్చుని కలం తీశాడు. "అందరి సమక్షమున విచారించడమైనది. సదరు కుమారుడు లేడు. పింఛను పునరుద్ధరించవలెను" అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి, స్టాంపు కొట్టాడు.

రుక్మిణి ఇంకా కీబోర్డు దగ్గరికి చెవి వంచే ఉంది.

"ఇసుమంతైనా లేదా అమ్మా?" అంది.

"లేదు మామ్మగారూ."

రుక్మిణి కొంగుతో మొహం తుడుచుకుంది. పోనీలే, లేనివాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టిపోశాను అంది. సత్యవేణి ఆవిడ్ని ఆటోదాకా నడిపించి, ఆటో మలుపు తిరిగేదాకా రోడ్డుమీదే నిలబడింది. గెలిచానని అనిపించలేదు. పని అయిందని మాత్రం అనిపించింది.

పై నెల ఒకటో తారీఖున సచివాలయం అబ్బాయి కొంగలగూడెంలో రుక్మిణి గుమ్మం ముందు ఆగాడు. మూడోనాడు రుక్మిణి రెండు కొర్రమీనులు తాటాకు బుట్టలో పెట్టుకుని షాపుకొచ్చింది. వేళ్ళ సందులు మానుతున్నాయి. రొయ్యల షెడ్డుకి వెళ్ళడం మానేశానంది, బిళ్ళలు రోజూ వేసుకుంటున్నానంది. చెప్పవలసినవన్నీ అయిపోయాక కూడా లేవలేదు. బుట్ట అంచు గిల్లుతూ కూర్చుంది.

"ఇంకేమైనా అర్జీ ఉందా మామ్మగారూ?"

"అర్జీ కాదు టైపమ్మా. నా పేరుమీద ఒకటి కొడతావా? నేను ఇంటికి చేరాక కొట్టు. నాకెప్పుడూ ఎవరూ ఉత్తరం రాయలేదు."

"ఏం రాయమంటారు?"

"ఏదోటి. నాకు చదువొచ్చా ఏంటి. మోత వింటాను."

నాలుగు గంటలకి ఆటోవాడు ఫోను చేసి, మామ్మని ఇంటిదగ్గర దింపానండి అన్నాడు. షాపులో ఇద్దరు కూర్చుని ఉన్నారు. కాసేపు ఆగండని వాళ్ళకి చెప్పి సత్యవేణి కంప్యూటరు ముందు కూర్చుంది. అలవాటు కొద్దీ చెయ్యి పాత ఫైలుమీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. ఖాళీ కాగితం తెరిచింది.

శ్రీమతి రుక్మిణి గారికి, అని కొట్టింది. షాపు షాపంతా మోగింది. బల్లమీద టీ గ్లాసు కదిలేటట్టు మోగింది. ఆ మోత చెరువుగట్లు దాటి, కొల్లేటి తుంగ మీదుగా కొంగలగూడెం చేరి, చూరు కింద బోర్లించిన అల్యూమినియం గిన్నెల్లో పడింది. గుమ్మంలో కూర్చున్న రుక్మిణి, పక్కింటివాళ్ళని మాట్లాడొద్దని చేత్తో సైగ చేసింది. నాకు ఉత్తరమొస్తోంది అంది.

సత్యవేణి కళ్ళు స్క్రీనుమీదే పెట్టి, ఎవరి అర్జీలోంచీ తీసుకోకుండా, ఒక్కొక్క మాటే ఆలోచించుకుని కొడుతోంది. మీరు భోంచేశారా అని రాసింది. బిళ్ళ వేసుకున్నారా అని రాసింది. కింద సంతకం చెయ్యవలసినచోట కాసేపు ఆగి, మీ అమ్మాయి సత్యవేణి, అని కొట్టింది. అది కూడా మోగింది.